పోయిన స్టార్ట్ మెనూ ఎక్కడికీ పోలేదు

2012 అక్టోబర్ 26న విండోస్ 8 మార్కెట్లోకి వచ్చింది. కొత్త కంప్యూటర్ కొన్నవాళ్లు డెస్క్‌టాప్ తెరిచి, అలవాటు కొద్దీ మౌస్‌ను కింద ఎడమ మూలకు తీసుకెళ్లారు. అక్కడ బటన్ లేదు. పదిహేడేళ్లుగా ఆ మూలలోనే ఉన్న స్టార్ట్ బటన్‌ను తీసేశారు. మూలలో నొక్కితే చిన్న మెనూ తెరుచుకోవడానికి బదులు, తెర మొత్తం రంగురంగుల పలకలతో నిండిపోయేది. చేస్తున్న పని కనిపించకుండా పోయేది. కంప్యూటర్ ఆపడానికి కూడా కొత్త దారి వెతకాల్సి వచ్చింది. మౌస్‌ను కుడివైపు మూలకు తోయాలి, అక్కడ బయటికొచ్చే పట్టీలో సెట్టింగ్స్ నొక్కాలి, అందులో పవర్ నొక్కాలి, ఆ తర్వాతే షట్ డౌన్. ఏళ్ల తరబడి కంప్యూటర్ మీద పని చేసినవాళ్లు కూడా పక్కవాళ్లను పిలిచి దీన్ని ఆపడం ఎలాగని అడిగే పరిస్థితి వచ్చింది.

అప్పటి నుంచి ఇప్పటిదాకా లక్షలమంది చేస్తున్న పని ఒకటే: పాత మెనూను వెనక్కి తెచ్చుకోవడం. దీన్ని చాలామంది పాత మీద మమకారంగా, కొత్తది నేర్చుకోలేని బద్ధకంగా చూస్తారు. ఆ చూపు సరైంది కాదు. మెనూ మారినప్పుడు పోయేది తెర మీది బొమ్మ ఒక్కటే కాదు, మనిషి చేతికి వచ్చిన పని కూడా పోతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ మెనూలో ఉన్న సరుకు ఏనాడూ పోలేదు. దాన్ని చూపించే ముఖాన్ని మాత్రమే మార్చారు.

స్టార్ట్ మెనూ 1995 ఆగస్టు 24న విండోస్ 95తో వచ్చింది. దాని వెనక ఆలోచన చాలా సాదా. మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు కాబట్టి, ఒక మూలలో బటన్ పెట్టి దాని మీద మొదలుపెట్టు అని రాశారు. నొక్కితే కంప్యూటర్లో ఉన్నవన్నీ వర్గాలుగా కనిపిస్తాయి. ప్రోగ్రామ్స్ మీద మౌస్ పెడితే పక్కకు ఇంకో జాబితా విచ్చుకుంటుంది, దానిలోంచి మరొకటి. పుస్తకానికి విషయసూచిక ఎలాంటిదో కంప్యూటర్‌కు ఈ మెనూ అలాంటిది. మొత్తం పుస్తకం చదవకపోయినా లోపల ఏముందో సూచిక చూస్తే తెలుస్తుంది.

తెలుగు ఊళ్లలో కంప్యూటర్ చదువు ఈ మెనూ మీదే సాగింది. ఇన్‌స్టిట్యూట్లలో ఎంఎస్ ఆఫీస్ కోర్సులో చేరినవాళ్లకు మొదటి పాఠం కంప్యూటర్ ఆన్ చేయడమైతే, రెండోది స్టార్ట్ నొక్కడం. 'స్టార్ట్‌లోకి పో, ప్రోగ్రామ్స్ మీద పెట్టు, పక్కకు రా, వర్డ్ నొక్కు' అని చెబుతుంటే పిల్లలు నోటు పుస్తకంలో బాణం గుర్తులు వేసుకుంటూ రాసుకునేవాళ్లు. శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ సెంటర్లలో కూడా అంతే. పేజీలు కట్టే పేజ్‌మేకర్ ఎక్కడుంది, తెలుగు టైప్ చేసే అను స్క్రిప్ట్ మేనేజర్ ఎక్కడుంది అనేది ఒకరు ఇంకొకరికి నోటితో చెప్పిన దారే. ఇంగ్లిష్ సరిగ్గా రాకపోయినా ఆ బొమ్మల వరుస, వాటి స్థానం గుర్తుండిపోయేవి. మెనూ మారితే ఆ నోటు పుస్తకం పనికిరాకుండా పోతుంది.

అయితే మైక్రోసాఫ్ట్ దాన్ని ఎందుకు తీసింది? రెండు కారణాలు కనిపిస్తాయి. 2010లో ఐప్యాడ్ వచ్చింది. వేలితో తాకి వాడే పరికరాలదే రేపటి మార్కెట్ అని అందరూ నమ్మిన రోజులవి. చిన్న చిన్న వరుసలున్న మెనూ వేలికి అనుకూలం కాదు. ఒకే విండోస్ టాబ్లెట్‌కూ డెస్క్‌టాప్‌కూ సరిపోవాలనుకున్నారు కాబట్టి పెద్ద పలకలు వచ్చాయి. రెండోది, లెక్కలు. 2011లో కంపెనీ తన సొంత బ్లాగులో ఒక అంకె ఇచ్చింది. విస్టా అనే విండోస్ నుంచి దాని తర్వాతి విండోస్ 7కు వచ్చేసరికి జనం స్టార్ట్ మెనూ తెరవడం 11 శాతం తగ్గిందని. విండోస్ 7లో ప్రోగ్రామ్‌లను టాస్క్‌బార్‌కు, అంటే తెర కింద ఉండే పట్టీకి, పిన్ చేసి అక్కడే నిలుపుకునే వీలు వచ్చింది కదా, రోజూ వాడేవన్నీ జనం అక్కడే పెట్టుకున్నారు. కాబట్టి మెనూ అవసరం తగ్గుతోందని వాళ్లు తేల్చుకున్నారు.

లెక్క తప్పని కాదు, దాని నుంచి తీసిన అర్థం తప్పు. మన ఇళ్లలో అటక ఉంటుంది. సంక్రాంతికి బొమ్మల కొలువు బొమ్మలు దించడానికో, పెళ్లికి పెద్ద గిన్నెలు తీయడానికో ఏడాదిలో రెండు మూడుసార్లు ఎక్కుతాం. వంటింట్లోకి రోజుకు ఇరవైసార్లు వెళతాం. ఆ లెక్క చూసి అటక పడగొడితే ఏమవుతుంది? అరుదుగా వాడే వస్తువులు పెట్టుకునే చోటే అది. స్టార్ట్ మెనూ కూడా అటువంటిదే. రోజూ వాడే బ్రౌజర్‌ను పిన్ చేసుకున్నాక, మిగిలిన యాభై ప్రోగ్రామ్‌లకు ఉన్న ఏకైక చోటు అది. నెలకోసారి వాడే స్కానర్ ప్రోగ్రామ్, ఏడాదికోసారి వాడే పన్ను రిటర్న్ ప్రోగ్రామ్, పేరు కూడా గుర్తులేని ఫాంట్ మార్చే ప్రోగ్రామ్, అన్నీ అక్కడే దొరకాలి. ఎన్నిసార్లు తెరిచారన్నది లెక్కకు అందుతుంది. తెరిచిన ఆ ఒక్కసారి అది ఎంత అవసరమైందన్నది లెక్కకు అందదు.

మెనూకు బదులుగా వెతుకు పెట్టె ఉందిగా, పేరు టైప్ చేస్తే వచ్చేస్తుంది కదా అని చెప్పేవాళ్లున్నారు. వేగంగా టైప్ చేసేవాళ్లకు అది నిజంగా మెనూ కన్నా మంచిది, అందులో వాదన లేదు. కానీ వెతకాలంటే పేరు తెలిసి ఉండాలి. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు. పెళ్లిలో ఎదురైన దూరపు బంధువును చూడగానే గుర్తుపడతాం, పేరు మాత్రం నాలుక చివర ఆగిపోతుంది. మెనూ మొదటి రకం జ్ఞాపకంతో పని చేస్తుంది, వెతుకు పెట్టె రెండో రకాన్ని అడుగుతుంది. తెలుగువాళ్లకు ఇంకో మెట్టు అదనం. ఆ పేరు ఇంగ్లిష్‌లో ఉంటుంది, స్పెల్లింగ్ తెలియాలి. అప్పటికే తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంటే వెతుకు పెట్టెలో తెలుగు అక్షరాలు పడతాయి, ఏమీ దొరకదు. అదేమిటో అర్థంకాక మళ్లీ మళ్లీ కొట్టి చూసేవాళ్లు ఉంటారు. బొమ్మ చూసి నొక్కేవాళ్లకు ఈ ఇబ్బందులేవీ లేవు. దానికి తోడు విండోస్ 10, 11లలో వెతుకు పెట్టె కంప్యూటర్లో ఉన్నదానితో పాటు ఇంటర్నెట్ ఫలితాలను కూడా కలిపి చూపిస్తుంది. అదీ ఇంకో గందరగోళం.

ఇక చేతి అలవాటు. పొయ్యి మీద నూనె కాగిపోతుంటే పోపులపెట్టెలో ఆవాలు ఎక్కడున్నాయో ఎవరూ చూడరు, చెయ్యే వెళ్లిపోతుంది. ఎవరైనా వచ్చి గిన్నెల వరుస మార్చేసి 'ఇప్పుడు ఇంకా అందంగా ఉంది' అంటే, నిజంగానే అందంగా ఉన్నా సరే, నాలుగు రోజులు పోపు మాడుతుంది. కంప్యూటర్ తెర మీద మూలలకు ఇంకో ప్రత్యేకత ఉంది. 1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మనిషి చెయ్యి ఒక గురిని చేరడానికి పట్టే సమయం మీద ఒక సూత్రం ఇచ్చాడు. గురి ఎంత పెద్దదైతే, ఎంత దగ్గరైతే, అంత త్వరగా చేరతాం. తెర మూలలో మౌస్ ఎంత గట్టిగా తోసినా అక్కడే ఆగుతుంది, దాటిపోదు. అంటే మూలలో ఉన్న బటన్ చిన్నదైనా చేతికి చాలా పెద్దదానితో సమానం. చూడకుండా తోసేసినా తగులుతుంది.

2021 అక్టోబర్ 5న వచ్చిన విండోస్ 11లో ఆ బటన్‌ను కింద మధ్యలోకి తెచ్చారు. పైగా అది ఒకచోట నిలవదు. ప్రోగ్రామ్‌లు తెరిచే కొద్దీ టాస్క్‌బార్ మీద బొమ్మలు పెరిగి, వరుస మొత్తం మధ్యకు సర్దుకుంటూ, స్టార్ట్ బటన్ ఎడమకు జరుగుతూ పోతుంది. పొద్దున ఉన్నచోట సాయంత్రం ఉండకపోవచ్చు. చెయ్యి నేర్చుకోవడానికి వీల్లేని ఏర్పాటు ఇది. అదృష్టవశాత్తూ దీనికి మందు విండోస్‌లోనే ఉంది. టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్ తెరిచి, టాస్క్‌బార్ బిహేవియర్స్ కింద అలైన్‌మెంట్‌ను లెఫ్ట్ అని మార్చితే బటన్ మళ్లీ పాత మూలకు వచ్చి కదలకుండా కూర్చుంటుంది. ఇంకేమీ ఇన్‌స్టాల్ చేయకుండా సగం సమస్య తీరిపోతుంది. ఎవరైనా మొదట చేయాల్సిన మార్పు ఇదే.

మిగతా సగం అర్థం కావాలంటే మెనూ లోపల ఏముందో చూడాలి. విండోస్ 95 నుంచి ఇప్పటిదాకా స్టార్ట్ మెనూలో కనిపించే ప్రోగ్రామ్‌ల జాబితా ఎక్కువ భాగం హార్డ్ డిస్క్‌లో ఉన్న మామూలు ఫోల్డర్లే. వాటి పేరు కూడా స్టార్ట్ మెనూయే. అందరికీ ఉమ్మడిగా ఒకటి, ఒక్కొక్క యూజర్‌కు వేరుగా ఒకటి ఉంటాయి. లోపల ప్రోగ్రామ్స్ అనే ఫోల్డర్, దానిలో షార్ట్‌కట్లు, అంటే ప్రోగ్రామ్‌కు దారి చూపే చిన్న ఫైళ్లు. కొత్త ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేస్తే అది వచ్చి అక్కడ తన షార్ట్‌కట్ పెట్టుకుంటుంది. విండోస్ 8లో బటన్ తీసేసినప్పుడు కూడా ఆ ఫోల్డర్లు అలాగే ఉన్నాయి, ప్రోగ్రామ్‌లు అలాగే వచ్చి షార్ట్‌కట్లు పెట్టుకున్నాయి. తలుపు మార్చారు కానీ గది, గదిలో సామాను ఎప్పటిలాగే ఉన్నాయి. పాత మెనూ తిరిగి తేవడం అంటే అదే గదికి పాత చోట తలుపు పెట్టుకోవడమే.

ఇది తెలిసినవాళ్లు విండోస్ 8 రోజుల్లోనే ఒక చిన్న చిట్కా పట్టుకున్నారు. టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేసి, టూల్‌బార్స్‌లో న్యూ టూల్‌బార్ ఎంచుకుని, ఆ ప్రోగ్రామ్స్ ఫోల్డర్‌ను చూపిస్తే చాలు, టాస్క్‌బార్ మీద ఒక బాణం వచ్చేది. నొక్కితే పాతకాలపు మెనూలా ఫోల్డర్లు ఒకదానిలోంచి ఒకటి విచ్చుకునేవి. బయటి ప్రోగ్రామ్ అక్కర్లేదు, ఖర్చు లేదు, ప్రమాదం లేదు. విండోస్ 10లో కూడా ఇది పని చేసింది. విండోస్ 11లో టాస్క్‌బార్‌ను కొత్తగా రాసినప్పుడు ఈ టూల్‌బార్లను తీసేశారు. చాలామందికి ఇలాంటిది ఒకటుందని కూడా తెలియకుండానే పోయిన మంచి వసతి అది.

ఇక అసలు కథ, పాత మెనూను తిరిగి తెచ్చే క్లాసిక్ షెల్ అనే ప్రోగ్రామ్‌ది. అది విండోస్ 8 కోసం పుట్టిందని చాలామంది అనుకుంటారు, కానీ అంతకు మూడేళ్ల ముందే పుట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ రెండు వరుసల కొత్త మెనూ తెచ్చినప్పుడు, పాతదే కావాలనుకున్నవాళ్ల కోసం సెట్టింగ్స్‌లో క్లాసిక్ మెనూ అనే ఎంపికను మైక్రోసాఫ్ట్ స్వయంగా ఉంచింది. విస్టాలోనూ ఉంచింది. 2009 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 7లో ఆ ఎంపికను తీసేసింది. ఆ ఏడాదే ఐవో బెల్ట్‌చెవ్ అనే ప్రోగ్రామర్ క్లాసిక్ షెల్‌ను మొదలుపెట్టి ఉచితంగా ఇచ్చాడు. విండోస్ 8 వచ్చాక దానికి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. స్టార్‌డాక్ అనే కంపెనీ స్టార్ట్8 పేరుతో డబ్బులకు అమ్మే మెనూను కూడా అప్పుడే తెచ్చింది.

మైక్రోసాఫ్ట్ మాత్రం వెనక్కి వెళ్లే దారులు ఒక్కొక్కటే మూస్తూ వచ్చింది. 2011 సెప్టెంబర్‌లో ప్రోగ్రామర్ల కోసం విడుదల చేసిన విండోస్ 8 నమూనాలో, విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువను సున్నాగా మార్చితే పాత స్టార్ట్ మెనూ తిరిగొచ్చేది. తర్వాతి నమూనాల్లో ఆ దారి పని చేయలేదు. ఆ తర్వాత మెనూ కావాలంటే బయటి నుంచి కట్టుకోవాల్సిందే.

క్లాసిక్ షెల్ చేసే పని చూస్తే దాని బలం, బలహీనత రెండూ తెలుస్తాయి. విండోస్‌లో డెస్క్‌టాప్‌నూ టాస్క్‌బార్‌నూ నడిపేది ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రామ్. క్లాసిక్ షెల్ దాని లోపలికి తన ముక్కను ఎక్కించి, మూలలో క్లిక్ పడినా, కీబోర్డు మీద విండోస్ కీ నొక్కినా, ఆ కబురు అసలు మెనూకు చేరకముందే తాను అందుకుంటుంది. తన మెనూ తెరుస్తుంది. ఆ మెనూ చదివేది పైన చెప్పిన ఫోల్డర్లనే. మూడు రూపాలిస్తుంది: విండోస్ 95 కాలంలా ఒక్క వరుసది, ఎక్స్‌పీలా రెండు వరుసలది, విండోస్ 7ను పోలినది. షిఫ్ట్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే విండోస్ అసలు మెనూ కూడా తెరుచుకుంటుంది. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా విలువైంది, ఎందుకంటే కొత్తదాన్ని ఎవరి నుంచీ లాక్కోలేదు.

బలహీనత కూడా అక్కడే ఉంది. వేరేవాళ్ల ఇంటి గోడలో మేకు కొట్టుకున్నట్టు కాబట్టి, వాళ్లు గోడ మార్చినప్పుడల్లా మేకు ఊడుతుంది. విండోస్ 10 ఏడాదికి రెండుసార్లు పెద్ద మార్పులతో రావడం మొదలైంది. ప్రతిసారీ ఏదో ఒకటి పాడవుతుంది, సరిచేయాలి. 2017 డిసెంబర్‌లో బెల్ట్‌చెవ్ పని ఆపేస్తున్నట్టు చెబుతూ చూపిన కారణాల్లో ఇదొకటి. తీరిక లేకపోవడం మరొకటి. అయితే ఆయన వెళ్తూ వెళ్తూ సోర్స్ కోడ్‌ను, అంటే ఆ ప్రోగ్రామ్ అసలు రాతను, అందరికీ ఇచ్చేశాడు. వాలంటీర్లు దాన్ని అందుకుని ఓపెన్-షెల్ పేరుతో, ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో కొనసాగిస్తున్నారు. ఎనిమిదేళ్లు ఒక్కడి తీరిక సమయం మీద నడిచిన పనిముట్టు ఆ ఒక్క నిర్ణయం వల్ల బతికింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2016 ఆగస్టులో క్లాసిక్ షెల్ డౌన్‌లోడ్ ఉండే సైట్‌లోకి హ్యాకర్లు చొరబడి, కొద్దిసేపు అసలు ఫైల్ స్థానంలో నకిలీది పెట్టారు. దాన్ని ఇన్‌స్టాల్ చేసినవాళ్ల హార్డ్ డిస్క్‌లో కంప్యూటర్ మొదలవడానికి కావాల్సిన మొదటి భాగం చెరిగిపోయి, మళ్లీ ఆన్ చేస్తే విండోస్ రాలేదు. మెనూ మార్చే ప్రోగ్రామ్‌కు కంప్యూటర్లో చాలా లోతుగా చొరబడే అధికారం ఇస్తున్నాం. కాబట్టి వెతికితే పైన కనిపించే ఏదో ఒక డౌన్‌లోడ్ సైట్ నుంచి కాకుండా, ఆ ప్రాజెక్ట్ సొంత పేజీ నుంచే తెచ్చుకోవాలి. ఆఫీసు కంప్యూటర్ అయితే అడగకుండా ఇలాంటివి పెట్టకూడదు.

మైక్రోసాఫ్ట్ చివరికి తగ్గింది. 2013 అక్టోబర్‌లో విండోస్ 8.1తో బటన్ మాత్రం తిరిగి ఇచ్చింది, నొక్కితే మళ్లీ ఆ పలకల తెరే వచ్చేది. 2015 జూలై 29న విండోస్ 10తో మెనూ వచ్చింది. అయితే అది పూర్తిగా పాతది కాదు. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టి చక్కగా సర్దుకున్నా ఆ మెనూ ఒక్క మెట్టు లోతే చూపిస్తుంది, లోపలివన్నీ ఒకే వరుసలో పరిచేస్తుంది. విండోస్ 11 మొదటి రూపంలో పిన్ చేసినవి, కంపెనీ సిఫారసు చేసేవి ముందు కనిపిస్తాయి. అన్ని ప్రోగ్రామ్‌ల జాబితా చూడాలంటే ఇంకో బటన్ నొక్కాలి. విషయసూచికను వెనక పేజీకి నెట్టేశారన్నమాట.

ఇదే కాలంలో ఇదే కథ, విండోస్‌కు బదులుగా ఉచితంగా వాడుకోగల లినక్స్ లోకంలో కూడా జరిగింది. అక్కడి ముగింపు వేరు, ఆ తేడాలోనే నేర్చుకోవాల్సింది ఉంది.

లినక్స్‌లో తెర ముఖాన్ని ఇచ్చే డెస్క్‌టాప్‌లు చాలా ఉంటాయి, నచ్చింది పెట్టుకోవచ్చు. వాటిలో ఒకటి 2002లో వచ్చిన గ్నోమ్ 2. దాని తర్వాతి రూపాల్లో పైన ఎడమ మూలలో మూడు మెనూలుండేవి: అప్లికేషన్స్, ప్లేసెస్, సిస్టమ్. ప్రోగ్రామ్‌లు ఆఫీస్, గ్రాఫిక్స్, ఇంటర్నెట్, ఆటలు అంటూ వర్గాలుగా ఉండేవి. విండోస్‌లో ప్రోగ్రామ్‌లను తయారుచేసిన కంపెనీ పేరుతో వెతకాలి, ఇక్కడ చేయాల్సిన పని పేరుతో వెతకవచ్చు. కొత్తవాళ్లకు ఇది ఎంతో తేలిక. 2011 ఏప్రిల్ 6న గ్నోమ్ 3 వచ్చింది. మూడు మెనూలూ పోయాయి. యాక్టివిటీస్ అనే ఒక్క మూల మిగిలింది, అక్కడికి వెళితే తెర మొత్తం మారిపోయేది. కిటికీలను కిందికి దించే మినిమైజ్ బటన్ కూడా తీసేశారు. అదే నెలలో ఉబుంటు అనే పేరున్న లినక్స్ రకం తన సొంత యూనిటీ డెస్క్‌టాప్‌ను అందరికీ పెట్టింది. లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌ను సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడే ఆ ఏడాది గ్నోమ్ 3ను బహిరంగంగా తిట్టి, కొంతకాలం ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌కు మారిపోయాడు. ఆయన్ని కొత్తది నేర్చుకోలేని మనిషి అని ఎవరూ అనలేరు కదా.

విండోస్ వాడేవాళ్లకు లేనిది ఒకటి ఇక్కడివాళ్లకు ఉంది: గ్నోమ్ 2 సోర్స్ కోడ్ మొత్తం, దాన్ని మార్చి పంచుకునే లైసెన్స్‌తో సహా. ఆర్చ్ అనే లినక్స్ రకాన్ని వాడే ఒక అర్జెంటీనా యూజర్ 2011లో ఆ కోడ్‌నే తీసుకుని మాటే అనే కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టాడు. ఆ పేరు దక్షిణ అమెరికాలో తాగే ఒక ఆకు పానీయానిది. గ్నోమ్ 3తో పేర్లు గొడవపడకుండా ప్రతి ప్రోగ్రామ్‌కూ కొత్త పేరు పెట్టాల్సి వచ్చింది. ఫైళ్లు చూపే నాటిలస్ కాజా అయింది, జెడిట్ ప్లూమా అయింది. స్పానిష్‌లో కాజా అంటే పెట్టె, ప్లూమా అంటే కలం. మింట్ అనే మరో లినక్స్ రకం ఇంకో దారిలో వెళ్లింది. కొత్త గ్నోమ్ షెల్ కోడ్‌ను తీసుకుని, దాని ముందుభాగాన్ని పాత పద్ధతిలో కింద పట్టీతో, మూలలో మెనూతో తిరిగి కట్టి సినమన్ అని పేరు పెట్టింది. 2012 మేలో వచ్చిన మింట్ 13లో మాటే, సినమన్ రెండూ దొరికాయి. ఇప్పటికీ రెండూ బతికే ఉన్నాయి. బయటి గోడకు మేకు కొట్టడం కాదు, ఇల్లే తమది చేసుకోవడం ఇది. విండోస్‌లో ఎవరూ చేయలేని పని.

గ్నోమ్ కూడా పూర్తిగా మొండికేయలేదు. 2013 మార్చిలో వచ్చిన 3.8లో ఎక్స్‌టెన్షన్ల, అంటే పైనుంచి తగిలించే చిన్న ప్రోగ్రామ్‌ల, సాయంతో అప్లికేషన్స్, ప్లేసెస్ మెనూలను తిరిగి చూపించే గ్నోమ్ క్లాసిక్‌ను ఇచ్చింది. రెడ్ హ్యాట్ అనే కంపెనీ పెద్ద సంస్థల కోసం 2014లో తెచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 ఆ క్లాసిక్ రూపాన్నే ముందుగా పెట్టింది. వేలమంది ఉద్యోగులకు మళ్లీ శిక్షణ ఇవ్వాలంటే ఎంత ఖర్చో ఆ కంపెనీ కస్టమర్లకు బాగా తెలుసు. అయితే ఎక్స్‌టెన్షన్లకూ మేకుల సమస్యే ఉంది. 2023 సెప్టెంబర్‌లో గ్నోమ్ 45 వచ్చినప్పుడు లోపలి ఏర్పాటు మారడంతో ఎక్స్‌టెన్షన్లన్నిటినీ సరిచేసి రాయాల్సి వచ్చింది. అప్‌డేట్ చేసిన మరుసటి రోజు మెనూ కనిపించకపోతే కంగారు పడక్కర్లేదు, ఎక్స్‌టెన్షన్ కొత్త రూపం వచ్చేదాకా ఆగడమే.

అందరికన్నా మంచి పరిష్కారం కేడీఈ ప్లాస్మా అనే మరో లినక్స్ డెస్క్‌టాప్‌ది. అక్కడ మెనూ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే షో ఆల్టర్నేటివ్స్ అని ఉంటుంది. నొక్కితే మూడు రకాల మెనూలు కనిపిస్తాయి: పెట్టెలా తెరుచుకునేది, పాతకాలపు విచ్చుకునే మెనూ, తెర మొత్తం నిండేది. నచ్చింది ఎంచుకుంటే అక్కడే మారిపోతుంది. ఇన్‌స్టాల్ లేదు, కోడ్ లేదు, టెన్షన్ లేదు. 2008 జనవరిలో కేడీఈ 4 వచ్చినప్పుడు వాళ్లూ జనం కోపం చవిచూశారు. మెనూను తయారీదారుడి అభిరుచిగా కాకుండా వాడేవాళ్ల ఎంపికగా చూడడం సాధ్యమేనని ఆ రైట్ క్లిక్ చూపిస్తోంది. ఇంత చిన్న వసతి విండోస్‌లో పెట్టడం సాంకేతికంగా కష్టమని నమ్మడానికి కారణం కనిపించదు.

లినక్స్‌లో ఇన్ని మెనూలు సులువుగా మారడానికి ఇంకో కారణం, అన్ని డెస్క్‌టాప్‌లూ ఒకే ఒప్పందాన్ని పాటించడం. ప్రతి ప్రోగ్రామ్‌కూ ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. అందులో పేరు, బొమ్మ, నడిపే ఆదేశం, ఏ వర్గానికి చెందుతుందన్నది రాసి ఉంటాయి. గ్నోమ్ అయినా మాటే అయినా ప్లాస్మా అయినా చదివేది అదే ఫైల్‌ను. అందుకే డెస్క్‌టాప్ మార్చినా ప్రోగ్రామ్‌లు పోవు. ఆ ఫైల్లో ఒక్కో భాషకు వేరుగా పేరు రాయవచ్చు. తెలుగు వరుస ఉండి, కంప్యూటర్ భాష తెలుగులో పెట్టుకుంటే మెనూలో తెలుగు పేరే కనిపిస్తుంది. లేకపోతే మనమే రాసుకోవచ్చు. ఆ ఫైల్‌ను మన హోమ్ ఫోల్డర్‌లోని అప్లికేషన్స్ చోటుకు కాపీ చేసి, టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి పేరు వరుస మార్చితే చాలు. మెనూలిబ్రే అనే ప్రోగ్రామ్‌తో అయితే ఫైల్ ముట్టుకోకుండానే పేరూ వర్గమూ మార్చవచ్చు. లెక్కల పుస్తకం, ఉత్తరాలు, ఫొటోలు అని ఇంట్లోవాళ్లు పిలిచే పేర్లతోనే మెనూ కట్టుకోవచ్చు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ వంటి సంస్థలు తెలుగులో కంప్యూటర్ కోసం ఏళ్ల తరబడి చేసిన పనికి ఇది ఇంటి స్థాయి కొనసాగింపు.

పాత మెనూ కోసం కొందరు పట్టే దారి ఒకటుంది, అది మాత్రం వద్దు. మెనూ నచ్చిందని పాత విండోస్‌నే అట్టిపెట్టుకోవడం. ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగాయి, విండోస్ 7కు 2020 జనవరి 14తో. పాత పేజ్‌మేకర్ కోసం అలాంటి కంప్యూటర్ ఉంచుకోక తప్పని సెంటర్లు దాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో మార్చుకోవడం మేలు, ఆ పెన్‌డ్రైవ్‌ను కూడా ముందు వేరే కంప్యూటర్లో స్కాన్ చేసి. కొత్త విండోస్ మీద పాత ముఖం పెట్టుకోవడం ఎప్పుడూ అంతకన్నా సురక్షితం.

ఇంట్లో పెద్దవాళ్ల కోసం కొత్త కంప్యూటర్ సిద్ధం చేసేటప్పుడు వరుస ఇలా ఉంటే బాగుంటుంది. వాళ్ల పాత కంప్యూటర్ తెర ఫొటో ఒకటి తీసుకోవాలి, మెనూ తెరిచి ఉండగా ఇంకొకటి. కొత్తదానిలో ముందు బటన్‌ను ఎడమకు తేవాలి. అదే చాలేమో రెండు రోజులు వాడనిచ్చి చూడాలి, చాలామందికి అంతటితో సరిపోతుంది. సరిపోకపోతే ఓపెన్-షెల్ పెట్టి, ఫొటోలో ఉన్న రూపాన్ని ఎంచుకుని, వాళ్లు వాడేవి అదే వరుసలో సర్దాలి. చివరగా దాని సెట్టింగ్స్‌లో బ్యాకప్ నొక్కి మొత్తం అమరికను ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌గా దాచుకోవాలి. ఏదో ఒక అప్‌డేట్ తర్వాత మెనూ చెదిరిపోయిందని ఫోన్ వస్తే, మళ్లీ మొదటి నుంచి సర్దే పని లేకుండా ఆ ఫైల్‌ను తిరిగి ఎక్కిస్తే సరిపోతుంది.